వీధిదీపం ఎవరు పెట్టారు?

ఈమధ్య జరిగిన ఒక సాహిత్య సదస్సు కార్యక్రమం నుంచి ఒక యువ పరిశోధకురాలి పేరు ఆఖరి నిమిషంలో తీసేశారు. ఆమె పంపిన పత్రం ఒక వీడియో గేమ్ మీద. పత్రం బాగుందని మొదట ఒప్పుకున్నవాళ్ళే, ఆహ్వానపత్రిక అచ్చుకు వెళ్ళే ముందు ఫోన్ చేసి, "సాహిత్య సదస్సులో ఆటల మీద పత్రం ఏమిటమ్మా, పెద్దలు ఒప్పుకోవడం లేదు" అన్నారు. ఆమె ఊరుకోకుండా, ఆ గేమ్ ఒక మిత్రుడి రచనలను మరో మిత్రుడు వ్యాఖ్యానించే కథ అని వివరించబోయింది. దానికి వచ్చిన జవాబు: "ఆ మిత్రుడనేవాడు అసలు ఉన్నాడో లేడో ముందు తేల్చుకుని రా, అప్పుడు చూద్దాం."

సదస్సు పేరూ నిర్వాహకుల పేర్లూ ఇక్కడ అక్కర్లేదు. ఆ రెండు మాటలు మాత్రం విని ఊరుకోదగ్గవి కావు. అవి ఒక్క సదస్సు మాటలైతే ఈ పేజీలు వాటికి ఖర్చుపెట్టేవాళ్ళం కాదు. మన విమర్శ చాలాకాలంగా ఈ రెండు మాటల మీదే బతుకుతోంది.

మొదటిదాన్ని త్వరగా ముగిద్దాం. ఆట సాహిత్యం కాదని ఇంకెవరైనా అనొచ్చు గానీ, తెలుగువాడు అనడానికి వీల్లేదు. అవధానం ఆట కాక మరేమిటి? నిషిద్ధాక్షరిలో అవధాని పలకబోయే అక్షరాన్ని పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఆ అక్షరం లేకుండానే పద్యాన్ని ఇంకో దారికి తిప్పుతాడు. మళ్ళీ నిషేధం, మళ్ళీ దారి. ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చేస్తాడో తెలిస్తే తప్ప పద్యం పూర్తికాదు. తిరుపతి వేంకటకవులు ఈ ఆటను ఊరూరా ఆడి గెలిచారు కాబట్టే మన తాతలు పద్యానికి సభలు కట్టారు. బంధకవిత్వం ఆట, దత్తపది ఆట, సమస్యాపూరణం ఆట. వీటన్నిటికీ సాహిత్య చరిత్రలో అధ్యాయాలు ఇచ్చిన మనం, కంప్యూటర్ తెర మీద నడిచే సరికి ఆట అన్నది చిన్నతనం అనుకుంటున్నాం. దీని మీద ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

రెండో మాట అలాంటిది కాదు. దాని గురించి చెప్పాలంటే ఆ గేమ్ లోపలికి వెళ్ళాలి.

దాని పేరు 'ది బిగినర్స్ గైడ్'. 2015 అక్టోబర్ 1న వచ్చింది. చేసినవాడు డేవీ రెడెన్ అనే అమెరికన్. అంతకు రెండేళ్ళ ముందు, 2013లో, విలియం ప్యూతో కలిసి 'ది స్టాన్లీ పారబుల్' తెచ్చి ఒక్కసారిగా పేరు తెచ్చుకున్నాడు. ఒక ఆఫీసు గుమస్తా ఏం చేశాడో కథకుడి గొంతు చెబుతూ ఉంటుంది, ఆడేవాడు అది వినొచ్చు, కాదని ఇంకో తలుపు తీయొచ్చు. చెప్పేవాడికీ చేసేవాడికీ మధ్య పెనుగులాటే ఆ గేమ్. లక్షల మంది కొన్నారు, బహుమతులు వచ్చాయి. ఆ తర్వాత తన మనసు ఎంత కుంగిందో, పొగిడేవాళ్ళ మాటలూ తిట్టేవాళ్ళ మాటలూ తనను ఎలా తినేశాయో రెడెన్ 2014లో స్వయంగా రాశాడు. ఆ తర్వాతి గేమ్ ఇది.

మొత్తం గంటన్నర. పాయింట్లు లేవు, గెలుపోటములు లేవు. నడుస్తూ, చూస్తూ, వింటూ వెళ్ళాలి. వినిపించే గొంతు రెడెన్‌దే. తన పేరు తనే చెబుతాడు, 'స్టాన్లీ పారబుల్' చేసింది తనేనంటాడు, ఏమైనా చెప్పాలనుకుంటే రాయమని తన ఈమెయిల్ కూడా ఇస్తాడు. తర్వాత అసలు సంగతి మొదలుపెడతాడు. కోడా అనే మిత్రుడు ఉండేవాడట. 2008 నుంచి 2011 దాకా చిన్న చిన్న గేమ్‌లు చేసుకున్నాడట. ఎవరికీ చూపించలేదు, ఎక్కడా విడుదల చేయలేదు, ఒకరోజు చేయడమే మానేశాడు. వాటినన్నిటినీ వరసగా మీకు చూపిస్తాను, వాటి వెనక ఉన్న మనిషి ఎలాంటివాడో మనం కలిసి అర్థం చేసుకుందాం, ఇది చూసి అతను మళ్ళీ మొదలుపెడతాడేమో — ఇదీ డేవీ మాట.

మొదటిది 'కౌంటర్ స్ట్రయిక్' కోసం చేసిన మ్యాప్. ఎడారిలో చిన్న ఊరు. మామూలుగా కనిపించే ఆ ఊళ్ళో కొన్ని పెట్టెలు గాలిలో తేలుతుంటాయి, అక్కడక్కడా సంబంధం లేని రంగు ముద్దలు. ఇది ఎవరో మనిషి చేతులతో చేశాడని అవి గుర్తుచేస్తున్నాయి అంటాడు డేవీ. మాట బాగుంటుంది. వినేవాడు తలూపుతాడు. వ్యాఖ్యాత మీద నమ్మకం అక్కడే మొదలవుతుంది.

ఇంకొకటి పెద్ద మెట్లదారి. పైన తలుపు. ఎక్కేకొద్దీ నడక నెమ్మదిస్తుంది. సగం దాటాక కాలు కదిలిందో లేదో తెలియదు. ఇలాగే ఎక్కితే చాలాసేపు పడుతుంది, ఈ మీట నొక్కండి, మామూలు వేగం వస్తుంది అంటాడు డేవీ. మనం నొక్కుతాం. చకచకా ఎక్కేస్తాం. తలుపు వెనక కోడా రాసుకున్న ఊహలతో నిండిన వెచ్చని గది ఉంటుంది. ఆ గదిని అంత ఎత్తున, అంత నెమ్మది దారి చివర పెట్టినవాడికి ఒక కారణం ఉండి ఉంటుంది. మనకది తెలియదు, తెలుసుకునేంతసేపు ఎక్కలేదు కాబట్టి.

మరో గేమ్‌లో జైలుగది ఉంటుంది. అందులో గంటసేపు ఊరికే ఉండాలి, గోడగడియారం లెక్కన నిజమైన గంట. డేవీ అంతసేపు ఉండనివ్వడు, తలుపు తీసేస్తాడు. ఇంకో దాంట్లో చిన్న ఇల్లు. అందులో ఒక మనిషి ఆకారం మనతో మాట్లాడుతుంటుంది, మనం ఇంటిపని చేస్తుంటాం. పక్క సర్దాలి, తుడవాలి, ఒక పని అయితే ఇంకో పని, మళ్ళీ మొదటి పని. మొత్తం గేమ్‌లో మనసు కుదురుగా ఉండే చోటు అదొక్కటే. కోడా చేసినప్పుడు అది ఎప్పటికీ ఆగదని, కానీ గేమ్ అన్నాక ముగియాలి కాబట్టి తాను ఆపానని డేవీ చెబుతాడు. సంగీతం ఆగిపోతుంది. ఇల్లు ఖాళీ.

ఇలా నడుస్తుండగా ఒకచోట నుంచి ప్రతి గేమ్ చివరా ఒక వీధిదీపం కనిపించడం మొదలవుతుంది. చీకట్లో ఒంటరి స్తంభం, కింద వెలుగు వలయం. కోడాకు ఇక ఒక గమ్యం కావాల్సి వచ్చింది, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది, దానికి గుర్తు ఇదే అని డేవీ ఎంతో ఆర్ద్రంగా చెబుతాడు. ఏ సభలోనైనా చప్పట్లు కొట్టించుకోగల వ్యాఖ్య అది.

చివర ఒక గోపురం వస్తుంది. అందులో కనిపించని గోడల చిక్కుదారి, ఊహించి కొట్టాల్సిన అంకెల తాళం, మీట అవతలి వైపున ఉన్న తలుపు. ఎవరూ దాటలేని విధంగా కట్టిన గేమ్. డేవీ వాటన్నిటినీ పక్కకు జరిపి మనల్ని లోపలికి పంపుతాడు. లోపల గోడల మీద కోడా నేరుగా డేవీకి రాసిన మాటలు ఉంటాయి. ఇక తనతో మాట్లాడవద్దంటాడు. తన గేమ్‌లను మార్చడం మానమంటాడు. వాటిలో వీధిదీపాలు పెట్టడం మానమంటాడు.

అంటే దీపాలు కోడావి కావు. డేవీ పెట్టాడు. పెట్టి, అవి కోడా మనసుకు గుర్తులని మనకు చెప్పాడు. తను నాటిన స్తంభాన్ని తనే చూపించి, దాని నీడలో మిత్రుడి ఆత్మ కనిపిస్తోందన్నాడు. గంటన్నరసేపు మనం విన్న వ్యాఖ్యానం మొత్తం ఆ ఒక్క గోడ దగ్గర కూలిపోతుంది. కోడా కుంగిపోయాడని ఎవరన్నారు? డేవీ. అతనికి సాయం కావాలని ఎవరన్నారు? డేవీ. ఆ గేమ్‌లను తన అనుమతి లేకుండా నలుగురికీ చూపించడమే కోడాను దూరం చేసిందని ఆ గోడలు చెబుతున్నాయి. మనం ఇప్పుడు చూస్తున్నదీ అదే చూపించడం.

1962లో నబొకోవ్ 'పేల్ ఫైర్'లో ఇలాంటి వ్యాఖ్యాతనే సృష్టించాడు. 999 పంక్తుల కావ్యం ఒకరిది, వ్యాఖ్యానం ఇంకొకరిది, వ్యాఖ్యానం కావ్యాన్ని మింగేసి తన కథ చెప్పుకుంటుంది. కానీ ఆ పుస్తకం చదివేవాడు కుర్చీలో కూర్చుని ఆ వ్యాఖ్యాతను చూసి నవ్వుకోగలడు. రెడెన్ గేమ్ ఆడేవాడికి ఆ వీలు లేదు. మెట్ల మీద మీట నొక్కింది తన వేలే. జైలు తలుపు తీస్తే హాయిగా బయటికి నడిచింది తనే. మిత్రుడి హద్దు దాటింది డేవీ ఒక్కడే కాదు. ఇది కథగా రాస్తే రాదు, సినిమాగా తీస్తే రాదు. ఆట అయితేనే వస్తుంది. సాహిత్యం కాదన్న పెద్దలు ఈ ఒక్క విషయం గమనించి ఉంటే ఆ ఫోన్ చేసేవారు కాదు.

ఇక "అతను ఉన్నాడో లేడో తేల్చుకుని రా" అన్న మాట.

గేమ్ వచ్చిన కొత్తలో ఈ ప్రశ్న చుట్టూ ఒక చర్చ నడిచింది. కోడా నిజమైన మనిషే అయితే, డేవీ అమ్ముతున్నది దొంగసొత్తు. కొన్నవాడు దాన్ని ఉంచుకోవచ్చా? గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ అదే ఏడాది జూన్‌లో డబ్బు వాపసు ఇచ్చే పద్ధతి పెట్టింది. కొని పద్నాలుగు రోజులు దాటకుండా, ఆడింది రెండు గంటలు మించకుండా ఉంటే అడగొచ్చు. ఈ గేమ్ గంటన్నరే కాబట్టి పూర్తిగా ఆడి, ఆఖరి గోడలు చదివి కూడా వాపసు అడగొచ్చు. అలా అడగడం న్యాయమేనా అని వాదించుకున్నారు. ఎక్కువమంది విమర్శకులు ఇది కల్పన, కోడా పాత్ర అని చెప్పి, వాపసు మాటెత్తినవాళ్ళను అమాయకుల కింద జమకట్టారు.

మా దృష్టిలో వాపసు మాటెత్తినవాళ్ళే ఈ గేమ్‌ను బాగా చదివారు. కోడా ఉన్నాడని నమ్మినందుకు కాదు. ఒక మనిషి దాచుకున్న పని అనుమతి లేకుండా తమ చేతికి వచ్చిందన్న అనుమానం కలగగానే చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకున్నందుకు. గేమ్ అడిగేది అదే ప్రశ్న. కోడా నిజమైతే డేవీ చేసింది తప్పు. కోడా కల్పన అయితే, డేవీ అనే కథకుడు చేసింది అప్పటికీ తప్పే. తప్పు ఏమిటన్నది రెండు దారుల్లోనూ ఒకటే అయినప్పుడు, ముందు ఉనికి తేలాలి అనడం తప్పు గురించి మాట్లాడకుండా తప్పించుకోవడమే. ఉనికి తేలేదాకా విమర్శ ఆగాలంటే, మన కథల్లో సగానికి విమర్శే ఉండదు.

కోడా అంటే రెడెన్ తనే, పేరు రాకముందున్న తను, డేవీ అంటే పేరు వచ్చాక పొగడ్తకు అలవాటుపడ్డ తను అని చదివినవాళ్ళు ఉన్నారు. 2014లో అతను రాసింది చదివితే ఆ ఊహకు ఆధారం దొరుకుతుంది. మనసుకు దగ్గరగా వచ్చే ఊహ. అయినా ఒక్కటి మరిచిపోకూడదు. గేమ్ చూసి చేసినవాడి మనసు ఇలాంటిదని తేల్చడమే గంటన్నరసేపు డేవీ చేసిన పని. ఆ పని వల్ల ఏమవుతుందో ఆఖరి గోడలు చెప్పాక కూడా మనం మళ్ళీ అదే పనికి దిగితే, ఇంకో దీపం నాటినట్టే. ఆ యువ పరిశోధకురాలి పత్రంలో బలమైన భాగం ఇదే. గేమ్ తనకు ఏ అర్థం ఇస్తే ఆ అర్థాన్ని ఆమె రాసింది, రాసి, ఆ అర్థం ఎక్కడ ఆగిపోవాలో కూడా రాసింది. మన విమర్శలో ఆ రెండో సగం చూసి చాలాకాలమైంది.

నిజానికి ఈ గేమ్ మనకు కొత్త సంగతేమీ చెప్పడం లేదు, మనం మరిచిపోయినదాన్ని చెబుతోంది. మెదక్ ప్రాంతంలోని కొల్చారం నుంచి వచ్చిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసి దానికి 'సంజీవని' అని పేరు పెట్టాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికే తన వ్యాఖ్య అని చెప్పుకున్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. వ్యాఖ్యానం విషం కూడా కాగలదని మన నేల మీద పుట్టిన మహా వ్యాఖ్యాత ఎన్ని వందల ఏళ్ళ క్రితం గుర్తించాడో చూడండి. ఆయన వారసులమని చెప్పుకునే మనం ఏం చేశాం?

వేమన పద్యాలను బ్రౌన్ 1829లో అచ్చువేయించాడు. ఎవరు ఎప్పుడు ఏది చేర్చారో చెప్పలేని పద్యరాశి అది. ఆ పద్యాల్లోంచే, చుట్టూ అల్లుకున్న కథల్లోంచే మనం ఒక జీవితం తయారుచేశాం. వేశ్య, వదిన, నగలు, వైరాగ్యం. 1947లో కె.వి. రెడ్డి 'యోగి వేమన' తీసి, నాగయ్య ఆ పాత్రలో జీవించాక ఆ జీవితం చరిత్ర అయిపోయింది. ఇప్పుడు వేమన పద్యం చదివితే ఆ సినిమాలోని మనిషే పలుకుతున్నట్టు వినిపిస్తుంది. గొప్ప సినిమా, అందులో సందేహం లేదు. కానీ పద్యం లోంచి మనిషిని తీసి, ఆ మనిషిని పద్యానికి సాక్ష్యంగా నిలబెట్టిన వలయం ఇది, డేవీ కట్టిన వలయం లాంటిదే.

ముద్దుపళని విషయంలో జరిగింది ఇంత మెత్తగా లేదు. 'రాధికా సాంత్వనము'ను తూచబోయి వీరేశలింగం పంతులుగారంతటివారు ఆవిడ పుట్టుకనూ వృత్తినీ తూచారు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో ఆవిడ తన గురించి, తన వంశం గురించి చెప్పుకున్న పద్యాలే ఎగిరిపోయాయని గమనించి, బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి ప్రతి తెచ్చారు. 1911లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న రోజుల దాకా ఆ నిషేధం పోలేదు. ఒక స్త్రీ రాసిన శృంగారాన్ని ఆమె జీవితపు వాంగ్మూలంగా చదవడం వల్ల ఒక కావ్యం ముప్పై ఏళ్ళకు పైగా పాఠకుడికి అందకుండా పోయింది. "ఆ మనిషి ఎవరో ముందు తేల్చు" అనే విమర్శ చేయగలిగిన పని ఇది.

ఇవాళ మారిందా? ఏ కథల పుస్తకం ఆవిష్కరణకైనా వెళ్ళండి. రాసింది స్త్రీ అయితే, ప్రశ్నల వేళ రాగానే మొదటి ప్రశ్న: "ఇది మీ సొంత అనుభవమేనా అమ్మా?" ఔనంటే కథ పోతుంది, ఆవిడ మిగులుతుంది. కాదంటే అబద్ధమంటారు. కథలో భర్త చెడ్డవాడైతే సభలో కూర్చున్న భర్త వైపు తలలు తిరుగుతాయి. ఇలాంటి సభల తర్వాత 'నేను' అనే మాటతో కథ రాయడం మానేసిన రచయిత్రులు మాకు తెలుసు. మంచి కథకులు వాళ్ళు. వాళ్ళ చేత ఆ మాట మాన్పించినవాళ్ళు తమను సహృదయులనే అనుకుంటారు. డేవీ కూడా అలాగే అనుకున్నాడు. ఆ గొంతులో ఎక్కడా దుర్మార్గం వినిపించదు. ప్రేమే వినిపిస్తుంది, సాయం చేయాలన్న తపనే వినిపిస్తుంది. అందుకే చెప్పుకోవాల్సి వస్తోంది.

ఇక మన ముందుమాటల సంగతి. ఈ విషయంలో మేం మొహమాటపడదలచుకోలేదు.

తెలుగులో ఇవాళ కవితా సంపుటి అంటే రెండు మూడు ముందుమాటలు, ఒక ఆత్మీయ వాక్యం, ఒక అభినందన, ఆపైన వెనక అట్ట మీద ఇంకో పెద్దాయన. కవి మొదటి కవిత దగ్గరికి పాఠకుడు చేరేసరికి ఇరవై పేజీలు దాటిపోతాయి. ఆ ఇరవై పేజీల్లో కవి బాల్యం, ఊరు, కులం, తండ్రి మరణం, అతను ఏ ఉద్యమానికి చెందినవాడు, ఏ కవిత ఎవరి కోసం రాశాడు అన్నీ తేలిపోతాయి. పదహారో పేజీలోని చెరువు కవి తల్లికి ప్రతీక అని ముందే చెప్పేస్తారు. ఇక పాఠకుడు ఆ చెరువు దగ్గరికి వెళ్ళి నీళ్ళు ఎలా ఉన్నాయో చూడడు, తల్లిని వెతుక్కుంటాడు. కవి అక్కడ చెరువే రాసి ఉండొచ్చు. ఎండాకాలం దాని ఒడ్డు పగిలిన తీరే రాసి ఉండొచ్చు. ఆ స్తంభం నాటినవాడు ముందుమాట రాసిన పెద్దాయన. మెట్ల మీద మెల్లగా ఎక్కాల్సిన పాఠకుడి చేతికి మీట ఇచ్చిందీ ఆయనే.

అందుకు చలంగారిని అడ్డం పెట్టుకోకండి. 'మహాప్రస్థానం'కు 1940లో చలం రాసిన 'యోగ్యతా పత్రం' చదివి ఆ మోజులోనే మనవాళ్ళు ముందుమాటలు మొదలుపెట్టారని అంటారు. 1950లో పుస్తకం వచ్చిన నాటి నుంచీ అది చదివినవాళ్ళెవరికైనా తెలుసు, చలం అందులో ఏ కవితకూ అర్థం చెప్పి తలుపు మూయలేదు. తనకు ఏమైందో చెప్పాడు. శ్రీశ్రీ ఎవరో తేల్చి చేతిలో పెట్టలేదు. చలం దగ్గర నేర్చుకోవాల్సింది వదిలేసి, ముందు పేజీలు ఆక్రమించవచ్చునన్న ఒక్కటే మనం నేర్చుకున్నాం.

ముందుమాట లేకపోతే కొత్త కవిని ఎవరు పట్టించుకుంటారని అడిగేవాళ్ళకు సమాధానం ఒకటే: పట్టించుకోవాల్సింది కవితను, అది కవితే చేయించుకోవాలి.

ఇంకొకరి రచనలో చెయ్యి పెట్టడం ఎప్పుడూ తప్పని మేం అనడం లేదు. మన సాహిత్యమే అలా నిలిచింది. నన్నయ వదిలిన అరణ్యపర్వాన్ని ఎర్రన పూరించాడు. నన్నయ నడకతో మొదలై తిక్కన నడకలోకి చేరేలా పూరించాడు, తన ప్రభువును కాదని రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అంతకన్నా వినయం ఉంటుందా? పోతన భాగవతంలో లేకుండా పోయిన స్కంధాలను గంగన, సింగన, నారయ రాశారు. ఐదోది గంగన, ఆరోది సింగన, పదకొండు పన్నెండు నారయ. ఎవరి స్కంధం చివర వాళ్ళ పేరు ఉంది. ఎక్కడ పోతన ఆగాడో, ఎక్కడ ఇంకొకరు అందుకున్నారో ఏ పాఠకుడికైనా తెలుస్తుంది. డేవీకీ వీళ్ళకూ తేడా అదే. వీళ్ళు దీపం పెట్టి, కింద పేరు రాశారు. తమ దీపాన్ని పోతన దీపమని చెప్పి దాని అర్థం విప్పలేదు.

మన పత్రికల్లో ఎడిటింగ్ పేరుతో జరిగేది ఈ కొలతకు ఏమాత్రం నిలుస్తుంది? కథకుడికి చెప్పకుండా ముగింపు మార్చి అచ్చువేసిన ఉదంతాలు ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఉత్తరాంధ్ర మాటను, తెలంగాణ మాటను "అందరికీ అర్థమయ్యేలా" దిద్దిన సంకలనాలు అల్మరాల్లో ఉన్నాయి. ఆ తర్వాత అదే సంకలనం మీద వ్యాసం రాసి, రచయిత భాషలో శిష్టత పెరిగిందని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ శిష్టత రచయితది కాదు, దిద్దినవాడిది. దిద్దింది ఒకరు, మెచ్చుకుంది ఇంకొకరు, మధ్యలో రచయిత మాట ఎటు పోయిందో అడిగినవాళ్ళు లేరు. ఆ గోపురం గోడ మీద కోడా రాసిన మాటలు తెలుగు కథకుడు తన సంపాదకుడికి రాయలేక దాచుకున్న ఉత్తరంలా మాకు వినిపించడానికి కారణం ఇదే.

గేమ్ ఇంగ్లిష్‌లో ఉంది, కంప్యూటర్ కావాలి, మన పాఠకుల్లో చాలామందికి రెండూ అందుబాటులో ఉండవు అన్నది నిజమే. ఆ మాట అన్నవాళ్ళ మీద మాకు ఫిర్యాదు లేదు. కానీ సదస్సు పెద్దలు ఆ కారణం చెప్పలేదు. వాళ్ళు చెప్పింది వేరు. కల్పనకూ నిజానికీ మధ్య గీత ఎక్కడుందో తేలిస్తేనే విమర్శ మొదలవుతుందన్నారు. ఆ గీతను కావాలనే చెరిపి, చెరిపినప్పుడు మనిషి నైతికంగా ఏం చేస్తాడని అడిగిన రచన మీద వచ్చిన పత్రాన్ని ఆ మాటతోనే తిప్పి పంపారు. తమ గురించి రాసిన రచనను గుర్తుపట్టలేని విమర్శ అది. గుర్తుపట్టి భయపడిందేమో అని కూడా మాకు అనిపిస్తోంది.

ఒక విషయం మాత్రం సూటిగా చెప్పాలి. యూనివర్సిటీ తెలుగు శాఖల్లో ఇవాళ పరిశోధన చేస్తున్న పిల్లలు గేమ్‌లతో పెరిగినవాళ్ళు. కథ అంటే వాళ్ళకు పుస్తకం ఒక్కటే కాదు. వాళ్ళు తెచ్చే పత్రాలను "ఇది మనది కాదు" అని పంపేస్తే వాళ్ళు ఇంగ్లిష్‌లో రాస్తారు, బయటి పత్రికలు వేసుకుంటాయి. అప్పుడు తెలుగులో విమర్శ లేదని మనమే వ్యాసాలు రాస్తాం. ఆ పత్రాన్ని ఆమె తెలుగులో రాసింది. గేమింగ్ మాటలను తెలుగు లిపిలో, వాడుకలో ఉన్నట్టే రాసింది, నిఘంటువులు తిరగేసి ఎవరూ పలకని మాటలు పుట్టించలేదు. ఒక్కచోట కూడా భాష తడబడలేదు. ఆ శ్రమను చదవకుండానే తోసిపుచ్చినవాళ్ళు భాష బతకాలని సభల్లో ఉపన్యసించడం ఇక మానాలి.

ఆమె పత్రం ఈ సంచిక 34వ పేజీ నుంచి యథాతథంగా వస్తోంది. దానికి ముందుమాట లేదు, సంపాదకుల వివరణ లేదు, అక్షరదోషాలు తప్ప ఏదీ దిద్దలేదు. ఆమె ఫొటో, పరిచయం వేయలేదు, ఆమె వద్దంది. సదస్సు నిర్వాహకులు జవాబు రాస్తే వచ్చే సంచికలో అదీ యథాతథంగా వేస్తాం. పాఠకులకు మా విన్నపం ఒకటే. మేం ఇక్కడ కథంతా చెప్పేశాం కాబట్టి ఈ సంపాదకీయాన్ని పక్కన పెట్టండి. వీలుంటే ముందు గేమ్ ఆడండి, మెట్ల దగ్గర మీట నొక్కకుండా ఎక్కండి. ఆ తర్వాత ఆమె పత్రం చదివి, మాకు కాదు, ఆమెకు రాయండి. ఉత్తరాలు కార్యాలయానికి పంపితే విప్పకుండా ఆమెకు చేరవేస్తాం.